తోడుగా ఉన్న రోజులు

టొరంటో,
నవంబరు 9

దెయొలిందాకు, ఎవరిస్తో రాస్తున్నది.

ఇక్కడ మన అమ్మాయి లూర్దెస్, మనవరాలు ఇనేష్, నేను బాగానే ఉన్నాం. మీ తమ్ముడు హెర్మీనియో కూడా బాగానే ఉన్నాడు. ఆ విషయంలో ఎవరూ చేయగలిగింది లేదు. ఓర్తాలో నువ్వూ మీ అక్క జుల్మీరా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది, మూడేళ్ల తర్వాత నీ దగ్గర్నుంచి మొదటిది. నేను సముద్రం దాటాక గానీ నాకో ముక్క రాయాలని నీకు తోచలేదు. సరే, నువ్వు అడిగినవాటికి జవాబులు. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. పీకో దీవిలో మన ఇంటి తాళంచెవి పక్కింటి అమెలియా దగ్గర ఉంది. ఇనేష్‌కి పై పళ్లు రెండూ ఊడాయి. లూర్దెస్ ఆసుపత్రి పనికి తెల్లవారకముందే వెళ్తుంది కనుక పిల్లను బడికి దింపేదీ తెచ్చేదీ నేనే. "తాతా, నువ్వు చేపలమ్మే ముసలోడిలా మాట్లాడతావేంటి?" అంటుంది. ఇన్నేళ్లు చదివిన చదువుకు దక్కిన బిరుదు అది.

విమానాశ్రయంలో ఏమైందని అడిగితే లూర్దెస్ నసుగుతోందని రాశావు. నేను చెబుతాను.

అక్కడి అధికారి మన లూర్దెస్ వయసు మనిషి. నా శాశ్వత నివాసి కార్డు తిప్పి చూసి, "వెళ్లి ఎన్నాళ్లయింది?" అంది. నాలుగేళ్లకు నెల తక్కువన్నాను. ఐదేళ్లలో ఏడువందల ముప్ఫై రోజులు ఈ దేశంలో ఉండాలి. నేను ఉన్నవి మూడువందల ఎనభై ఎనిమిది. లోపలికైతే రానిచ్చింది కానీ, డిసెంబరు మూడున ఆఫీసుకి వచ్చి మిగతా రోజుల సంగతి తేల్చమంది. తేల్చలేకపోతే కార్డు పోతుంది, నేనూ పోవాలి. ఇనేష్‌ని బడికి దింపడానికి లూర్దెస్‌కి ఇక్కడ ఇంకెవరూ లేరు.

"మీ ఆవిడ ఈ దేశపు పౌరురాలా?" అని అడిగింది.

"ముప్ఫై ఏళ్లుగా."

"అయితే బయటి దేశంలో ఆవిడకు తోడుగా ఉన్న ప్రతి రోజూ ఇక్కడ ఉన్నట్టే లెక్కండీ."

తోడుగా! నవ్వుకో, నీకు ఆ హక్కుంది. ఈ దేశపు రాణికి విధేయంగా ఉంటానని నువ్వు పౌరసత్వ ప్రమాణం చేసి ఇంటికి వచ్చిన రోజున, "కిరీటానికి మోకరిల్లి వచ్చావా, దొరసానీ?" అన్నాను. నియంత పాలనలో పెరిగినవాణ్ణి, ఇంకో తలకు దండం పెట్టనని మీసం తిప్పాను. చరిత్ర పుస్తకాలు తెరిచి ఆధారాలు కూడా చూపించాను. ఇప్పుడు నీ కాగితమే నాకు దిక్కు. దీవికి వెళ్లిపోదామని నిన్ను ఈడ్చుకెళ్లింది నేను. చట్టం ముందు మాత్రం నేనే నీ వెంట వచ్చినవాణ్ణి.

ఆదివారం హెర్మీనియో భోజనానికి వచ్చాడు. పిలవకుండానే.

"ఇందులో ఆలోచించేదేముంది బావా? నాలుగేళ్లూ ఒకే ఇంట్లో ఉన్నామని రాసి పడెయ్. అక్క సంతకం పెడుతుంది. సాక్షిగా నేనున్నా."

"నువ్వు ఇక్కడ కూర్చుని అక్కడి కాపురానికి సాక్షివా?"

"ఇన్ని పుస్తకాలు చదివావు, ఒక్క అబద్ధం రాయడం చేతకాదా?"

"పుస్తకాల నిండా ఉన్నవి అవేరా. అందుకే నాసిరకానివి నాకు నచ్చవు."

లూర్దెస్ నవ్వింది. వెంటనే ఏడ్చింది. "నీ మాటే గెలవాలి కదా నాన్నా? మేమేమైపోయినా పర్లేదు. నలభై ఒక్క రోజులే కదా తగ్గింది!"

నిజమే. పీకోలో మనం ఒకే కప్పు కింద ఉన్నది మూడువందల ఒక్క రోజులు; ఇక్కడ ఉన్నవాటితో కలిపినా నలభై ఒకటి తక్కువే. ఆ తర్వాత ద్రాక్షకోత విందులో ఊరందరి ముందూ ఆ 'దొరసాని' మాట మళ్లీ అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టి, పడవెక్కి మీ అక్క దగ్గరికి వెళ్లిపోయావు. అరగంట ప్రయాణం. నేను మూడేళ్లు కిటికీలోంచి అవతలి ఒడ్డున ఓర్తా ఇళ్లు చూస్తూ, నీదే తప్పని రుజువు చేసుకుంటూ గడిపాను.

ఒకటి నువ్వు అడగలేదు, అడగవు కూడా. నేనే చెప్పాలి.

వెళ్లిన మూడోవారం నువ్వు వచ్చి తలుపు తట్టావు. "ఎవరిస్తో, నా చలికోటు మర్చిపోయాను" అన్నావు. మళ్లీ తట్టావు. తర్వాత అమెలియాతో, "ఇంట్లో లేనట్టున్నాడు" అనడం వినబడింది. నేను ఉన్నాను. తలుపుకి ఇవతల కుర్చీలో, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. పేజీ తిప్పితే చప్పుడవుతుందని తిప్పలేదు. నువ్వు మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. కోటు నీ ఒంటి మీదే ఉంది.

తగ్గిన నలభై ఒక్క రోజులూ ఆ తలుపు దగ్గరే పోగొట్టుకున్నాను. వాటికోసం హెర్మీనియో చేత దొంగసాక్ష్యం చెప్పించలేను.

ఆఫీసువాళ్లు నీ ఉత్తరం అడుగుతున్నారు. మూడువందల ఒక్కటనే రాయి. మిగతావి ఎందుకు లేవో అదీ రాయి, నన్ను వెనకేసుకురాకు. రోజులు తక్కువైనా, పిల్లల అవసరం చూసి ఉండనిచ్చే వీలుందట. ఇనేష్ సంగతి లూర్దెస్ రాస్తుంది. ఉండనిస్తే, ఇక్కడికి రమ్మని నిన్ను అడుగుతాను. పంపించేస్తే పీకోకి వెళ్లను. ఓర్తాలో దిగి మీ అక్క ఇంటికి వస్తాను. నువ్వు లేవని జుల్మీరా చేత చెప్పించినా నమ్మినట్టు నటించి మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
ఆ రోజు ఇంట్లోనే ఉన్న నీ భర్త
ఎవరిస్తో