అరువు తెచ్చుకున్న సబ్బాతు

బావమరిదికి,

ఇక్కడ మీ అక్కా నేనూ కులాసా. పిండిమర బాగానే ఆడుతోంది. నువ్వు కూడా కులాసాగానే ఉంటావు, ఈ ఉత్తరం చదివేదాకా.

మనకి కొత్తగా వచ్చిన పాస్టరు గారు మోటారుసైకిలు మీద ఊరూరా తిరుగుతున్నారని విన్నావు కదా. మన అడ్వెంటిస్టు సంఘాలన్నీ చూస్తూ, దారిలో స్నేహితుల్నీ చుట్టాల్నీ పలకరిస్తూ వస్తున్నారట. పైకి చెప్పే మాట అది. శుక్రవారం పొద్దు గుంకబోతుండగా మా గుమ్మంలో దిగారు. సబ్బాతు విశ్రాంతి మొదలైంది కాబట్టి బండి శనివారం సాయంత్రం దాకా కదల్లేదు గానీ, ఆయన ఒక్కచోట కూర్చోలేదు. మందిరం వెనక గదిలోకి వెళ్ళి గోడలు తట్టి చూశారు. కప్పు కారుతుందా అన్నారు. పొద్దున్నే ఎండ మంచం మీద పడుతుందా అన్నారు. దేవుడి పని మీద వచ్చిన మనిషికి మంచం సంగతి ఎందుకు?

నాకు తోచింది చెబుతాను, గుండె దిటవు చేసుకో. జనం పల్చబడ్డ మందిరాలు మూసేసి అద్దెకిచ్చే ఆలోచనలో ఉన్నారు. మా దగ్గర జనం ఉన్నారు కాబట్టి గండం గడిచింది. ఇక నీ వంతు.

ఇట్లు,
నీ మేలు కోరే బావ

తా.క.: నీ మందిరానికి ఎంతమంది వస్తారని ఆయన అడిగారు. బంధుప్రీతి కొద్దీ, నిలబడ్డానికి కూడా చోటుండదని చెప్పేశాను.

బావగారికి వందనాలు.

మీ బంధుప్రీతి నా కొంప ముంచింది. మా సంఘంలో ఉన్నదే తొమ్మిది మంది. అందులో నేనొకణ్ణి, నా భార్య ఒకతె. మరొకావిడ ప్రార్థన మొదలవగానే నిద్రపోతుంది. కండక్టరుగా రిటైరైన తరవాత నాకు ఇల్లు కాక మిగిలిన చోటల్లా ఆ మందిరమే. సంఘ పెద్దా అని నలుగురు పిలిచేదీ అక్కడే. దాన్ని మూసేస్తే శనివారం పొద్దున్న నేను బట్టలు ఇస్త్రీ చేసుకుని ఎక్కడికి పోవాలి? తలుచుకుంటే ఏడుపొస్తోంది, నిజం చెబుతున్నాను.

అయినా ఊరుకునే రకాన్ని కాదు. పక్క వీధిలో ఆదివారం చర్చి ఉంది. వాళ్ళు ఆదివారం ఆరాధనకి వెళతారు, శనివారం ఖాళీ. ఒక్క పూట వచ్చి కూర్చోమని ఇంటింటికీ తిరిగి బతిమాలాను. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. చివరికి ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, వచ్చే పాస్టరు ఎవరని అడిగింది. చెప్పాను. మిషను ఆపి, వీధి మొత్తాన్ని తనే తీసుకొస్తానంది. అడగ్గానే ఒప్పుకునేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ అనుమానమే.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: వెనక గది నిండా పాత బస్సు సీట్లు కుక్కి తాళం వేశాను. తాళంచెవి పోయిందని చెబుతాను. అది పాపమో కాదో అక్కని అడిగి రాయండి.

బావమరిదికి,

పాపమేనట, కానీ చిన్నదట.

ఇంకో కబురు. పాస్టరు గారు మొన్న తన పాత స్నేహితుడి మెకానిక్ షెడ్డులో బండి బాగుచేయించుకుంటూ, మీ వీధిలో ఇళ్ళ అద్దెలు ఎలా ఉంటాయని ఆరా తీశారట. మా మరకి వచ్చినవాడొకడు చెవులారా విన్నాడు. నేను చెప్పింది నిజమైందా లేదా?

ఇట్లు,
ముందే చెప్పిన బావ

తా.క.: అరువు జనానికి తర్ఫీదు ఇయ్యి. మనం టీ ముట్టం కదా, ఆరాధన అవగానే టీ ఏదని అడిగారంటే, మనవాళ్ళు కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

బావగారికి వందనాలు.

అయిపోయింది. అంతా అయిపోయింది.

హాలు నిండింది, అందులో లోటు లేదు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ముగ్గురి బల్ల మీద నలుగుర్ని సర్దాను. పాట మధ్యలో ‘లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది’ అని అరిచాను కూడా. పాస్టరు గారు ఆ వీధి మాంసం కొట్టాయన చెయ్యి పట్టుకుని, సబ్బాతు ఎప్పటినుంచి ఆచరిస్తున్నారని ఆప్యాయంగా అడిగారు. ఆయన గడియారం చూసుకుని, పొద్దున్న తొమ్మిదింటి నుంచి అన్నాడు.

అసలు దెబ్బ తరవాత తగిలింది. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టి, మూడో బల్ల వంక చూసి ఆగిపోయారు. కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఆ బల్ల మీద కుట్టుపని ఆవిడ తలొంచుకుని కూర్చుంది. పొద్దు గుంకేదాకా ఇద్దరూ చెట్టు కింద గుసగుసలు. నేను దగ్గరికి వెళితే మాట ఆపేశారు. ఆవిడ పై ఆఫీసు మనిషి, బావా. తలలు లెక్కపెట్టడానికి వచ్చింది. లెక్కపెట్టాల్సిన తలల్ని నేను ఆ వేగుచేతే పిలిపించుకున్నాను.

ఇట్లు,
మందిరం పోగొట్టుకోబోతున్న మీ బావమరిది

తా.క.: రాయడానికే సిగ్గుగా ఉంది. చీకటి పడుతూనే ఆవిణ్ణి మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని వెళ్ళిపోయారు. పాస్టరు!

బావమరిదికి,

మోటారుసైకిలు ఇక్కడికే వచ్చింది. వెనక సీటు మీద ఆవిణ్ణి చూసి మీ అక్క తలుపు వేసేసింది. కిటికీ సందులోంచి, ఆవిడ ఎవరని గట్టిగానే నిలదీసింది.

ఆయన మెల్లిగా, ‘నా చెల్లెలండీ’ అన్నారు.

లోపలికి వచ్చాక సంగతంతా బయటపడింది. ఇరవయ్యేళ్ళ కిందట ఆ పిల్ల ఆదివారం చర్చి కుర్రాణ్ణి చేసుకుంది. వాళ్ళు ముహూర్తం శనివారం పెట్టారు. సబ్బాతు అని ఈయన వెళ్ళలేదు. నా పెళ్ళికి రాని అన్నకి నా గడపతో పనిలేదని ఆవిడ తలుపు మూసేసింది. వచ్చే ఏడు ఈయన రిటైరవుతున్నారు. చెల్లెలి వీధికి వీలైనంత దగ్గరగా ఎక్కడైనా ఒక గది దొరికితే చాలని ఈ తిరుగుడంతా. మా గది నచ్చలేదు, ఎండ పడుతుంది. మీ గది చూద్దామంటే తాళంచెవి పోయిందన్నావట. మందిరాలు మూసే మాట ఎక్కడా లేదు. అది నా మరలో పుట్టిన పిండి.

మీ అక్క ఉండబట్టలేక నీ అసలు జనం తొమ్మిది మందేనని చెప్పేసింది. ఆయన నవ్వలేదు. ‘తొమ్మిది మందే కాకపోతే ఈమెను పిలిచేవారే కాదు కదమ్మా’ అన్నారు. మీ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, రాస్తే తప్పేముంది.

చెల్లెలు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ‘శనివారం నేను మీ దగ్గరికి వచ్చాను. ఆదివారం నువ్వు మా దగ్గరికి రా అన్నయ్యా’ అంది. ఆయన ఎన్నింటికి అని అడిగారు.

ఇప్పుడు వాళ్ళమ్మని చూడ్డానికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. నువ్వు బస్సు సీట్లు బయటపడేసి గదికి సున్నం వేయించు.

ఇట్లు,
నోరు అదుపులో పెట్టుకోమని మీ అక్కచేత చీవాట్లు తిన్న బావ

తా.క.: వచ్చే ఆదివారం ఆ చెల్లెలి చర్చికి కూడా పై నుంచి ఎవరో వస్తున్నారట, అక్కడా బల్లలు ఖాళీయేనట. నీ తొమ్మిది మందినీ తీసుకుని పెందలాడే వెళ్ళు. ముందు బల్ల మీద మన పాస్టరు గారు చోటు పట్టి ఉంచుతానన్నారు.