నీ మెషీన్ ఆపిన రోజు

డానియేలన్నా,

ఈరోజు ఆఫీసులో నీ బిల్డ్ సర్వర్‌ని ఆపేశాం. నువ్వు పోయి ఏడాదయింది. సైన్యం అధికారం లాక్కుని నెట్ ఆపేస్తున్న రోజుల్లో, బయటి దేశాల సర్వర్లను నమ్ముకోలేమని, చౌక్తడా పేటలోని మన ఆఫీసు మూలన నువ్వు పెట్టిన మెషీన్ అది. యాప్‌లో మేం రాసిన ప్రతి మార్పునూ పరీక్షించి సిద్ధంగా ఉంచి, నెట్ రాగానే క్లినిక్‌లకు పంపేది. ఆ వానాకాలం కరోనాతో ఊరంతా ఆక్సిజన్ కోసం పరుగెడుతుంటే, సిలిండర్ ఎక్కడుందో చెప్పిన మన యాప్ అందులోంచే వెళ్ళింది. నీకు మాత్రం సిలిండర్ దొరకలేదు.

ఇప్పుడు నెట్ ఉంటోంది గానీ, ఆఫీసులో కరెంటు నిలవడం లేదు. అందుకే అంతా సింగపూర్‌లోని సర్వర్లకు మార్చాం. మన ఆఫీసులో పనిచేసే మ థీడా, నేను ఒక్కో పనినీ అటు తరలించి సరిచూసుకున్నాం. మధ్యాహ్నానికి కొత్తచోట మొదటి బిల్డ్ పరీక్షలన్నీ పాసయింది. ఎవరమూ చప్పట్లు కొట్టలేదు.

నీ మెషీన్‌ని టాక్సీలో పజుండౌంగ్‌లోని మీ ఇంటికి తీసుకెళ్ళి మీ అమ్మకిచ్చాను. పెద్దమ్మ దాన్ని చేత్తో తుడిచింది.

"ఇదేటి సేసేదే?"

"అన్నయ్య సెప్పిన పనులన్నీ సేసేది పెద్దమ్మా."

"మరిప్పుడా పనులాగిపోనాయా?"

"లేదు. వేరే చోట నడుస్తన్నాయి."

"ఊపిరాడనప్పుడు కూడా ఆడు అదే అడిగినాడు, సర్వర్ నడుస్తందా అని. నాకేటి తెలుస్తాది? నడుస్తందనే సెప్పినాను," అంది పెద్దమ్మ.

నిజమే చెప్పింది అన్నా. ఆ రోజు కూడా అది నడుస్తూనే ఉంది.

నీ చెల్లి,
సుజాత