పద్నాలుగో నంబరు

అక్కా,

నిన్న మీటింగు హాల్లో నీ పక్కనే నిలబడి కూడా నోరు విప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

కొత్త టౌన్‌షిప్ నమూనా మీద గుడ్డ తీయగానే గుర్తుపట్టాను. పోయినేడు మా వర్క్‌షాపులో దాన్ని చేసింది నేనే. మాకిచ్చే డ్రాయింగుల్లో వీధుల పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. పద్నాలుగో నంబరు పార్కు అని రాసుంటే, ఆకుపచ్చ స్పాంజి కత్తిరించి చెట్లు అతికించాను. భలే కుదిరాయని మురిసిపోయాను కూడా.

"నీకివన్నీ తెలుసు కదరా, మన వీధెక్కడుందో చూసి చెప్పు" అన్నావు. చూశాను. నీ కుట్టు షాపు ఉండాల్సిన చోట నా చెట్లున్నాయి. "ఇది చేసినవాడి చేతులు పడిపోను" అని నువ్వంటుంటే చేతులు జేబుల్లో దాచుకున్నాను.

"ఇది ఊరికే చూపడానికి చేయించిన నమూనా, ఇంకా ఏదీ ఖాయం కాలేదమ్మా, మీరు ఒప్పుకున్నాకే ప్లాను గీయిస్తాం" అని ఆఫీసరు అన్నాడే, అది పచ్చి అబద్ధం. ఆ డ్రాయింగు ఇందులో పెట్టాను. తేదీ పోయినేడాదిది. సోమవారం మీటింగులో అందరి ముందూ చూపించు.

కింద మూలన నమూనా చేసినవాడి సంతకం ఉంది. నా ఉద్యోగం పోతుందని ఆ ముక్క చింపేస్తావేమో, చింపకు. అది లేకపోతే దొంగ కాగితమంటారు.

చేతులింకా పడిపోని
నీ తమ్ముడు