బాపు గురక, బియ్యపు గింజ

గోదావరిఖని,
ఫిబ్రవరి 3.

అణుభద్ర కంపెనీ సార్లకు, తలుపు చాటు నుంచే శ్యామల నమస్కారాలు.

బియ్యపు గింజంత గాజుముక్కలో లక్ష సినిమాలు పడతాయని, ఉగాదికి అమ్మకానికి వస్తుందని పేపర్లో వేయించారు. నాకు ఒకటి కావాలి. ఫోన్లో మాట్లాడాలంటే నోరు పెగలదు, అందుకే ఉత్తరం.

పురుటికి లక్సెట్టిపేటలో పుట్టింట్లో ఉన్నప్పుడు మా పాప వాళ్ల తాత గురకకు, అంటే మా బాపు గురకకు, అలవాటు పడింది. అది వినపడితేనే నిద్రపోతుంది. అందుకని రెండు గంటల గురక ఫోన్లో పట్టి తెచ్చుకున్నాను. ఫోన్ నిండిపోయింది. "నా సీరియళ్లకు జాగ లేదు. గా గురక తీసెయ్ పిల్లా" అంటోంది మా అత్త సరోజన. అది పోతే పాపకు నిద్ర ఉండదు. గనిలో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మా ఆయనకూ ఉండదు.

ఇట్లు,
మీ గింజ కోసం ఎదురుచూసే శ్యామల.

తా.క. గింజకు ఎర్ర రంగు వేయండి. మా ఇంట్లో బియ్యం ఏరేది అత్త.

*

కరీంనగర్,
ఏప్రిల్ 20.

గౌరవనీయులైన శ్యామల గారికి,

మీ తండ్రిగారి మరణానికి మా కంపెనీ మొత్తం చింతిస్తోంది. బతికున్నవారి గురకను ఎవరూ దాచుకోరు కదా! గింజ దాదాపు సిద్ధం. పద్దెనిమిది నెలల్లో మార్కెట్లో ఉంటుంది. ఈలోగా ఆ గురక, వారి ఫోటో ఇస్తే మా ప్రదర్శనలో పెడతాం.

సంతాపంతో,
ప్రణయ్, వినియోగదారుల విభాగం.

తా.క. ఎర్ర రంగు సలహాను కమిటీకి పంపాం. అందువల్ల మరో మూడు నెలలు.

*

గోదావరిఖని,
జూన్ 11.

ప్రణయ్ సారుకు, కోపం వచ్చినా నమస్కారమే.

'ప్రదర్శన' అన్న మాట చూడగానే మా ఆయన పై వాక్యాలు చదవకుండా కరీంనగర్ వచ్చి అన్నీ ఇచ్చేశారు. మీరేమో ఫోటోకు దండ వేసి 'స్వర్గీయ అంకయ్య గురక వెయ్యేళ్లు భద్రం' అని పేపర్లో వేయించారు. బాపు ఆ కాగితంలోనే మిర్చి బజ్జీలు తిని ఇంటికి పోయేసరికి చుట్టాలు ఏడుస్తున్నారట. "నేను సచ్చిన సంగతి నాకు జెప్పకపోతిరి గదా బిడ్డా!" అని ఫోన్లో తిట్టాడు.

అసలు కష్టం అది కాదు. మీ దగ్గర ఇంకొకటి ఉంది కదా అని అత్త ఫోన్లోది తీసేసింది. నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా ఆయన నిన్న లుంగీతోనే గనికి బయలుదేరారు. గురక వెంటనే పంపండి.

ఇట్లు,
కళ్లు మండుతున్న శ్యామల.

తా.క. బాపు మీ ఆఫీసుకు వస్తాడట. కర్ర కూడా తెస్తాడట.

*

కరీంనగర్,
జూన్ 25.

శ్యామల గారికి, వంగి వంగి నమస్కారాలు.

మీ తండ్రిగారి మరణాన్ని వెనక్కి తీసుకున్నాం. గురక మాత్రం పంపలేం. గింజ గురించి చేసిన ప్రకటనలతో ఆఫీసు కంప్యూటర్ నిండిపోయింది. చోటు చాలక గురకను చెరిపేశాం. వచ్చే నెలలో పెట్టుబడిదారులు వస్తున్నారు. మళ్లీ పట్టి పంపగలరా? గింజ పద్దెనిమిది నెలల్లో ఖాయం.

భయభక్తులతో,
ప్రణయ్.

తా.క. ఒక్క గింజ తయారైంది. భోజనాల బల్ల మీద పెట్టాం, కనబడటం లేదు. ఆ రోజు బగారన్నం. ఎర్ర రంగు ఇంకా కమిటీలోనే ఉంది.

*

గోదావరిఖని,
జూలై 9.

ప్రణయ్ సారుకు, నిండా నిద్రపోయిన శ్యామల నమస్కారాలు.

బాపు కర్రతో బయలుదేరి దారిలో మా ఇంట్లో దిగాడు. "జర బువ్వ పెట్టు బిడ్డా. సచ్చినోనికి గూడ ఆకలైతది" అన్నాడు. తిని మంచం మీద ఒరిగాడు. రెండు నిమిషాలకు పాప పడుకుంది, మా ఆయన పడుకున్నారు, సీరియల్ మధ్యలో అత్త కూడా పడుకుంది. లేచాక అత్తే అన్నది: "గా గింజ వచ్చేదాక అన్నను ఈడ్నే ఉండుమను."

బాపు కర్ర ఇప్పుడు పాప బట్టలు ఆరేయడానికి పనికొస్తోంది. మీ పెట్టుబడిదారులను మధ్యాహ్నం తీసుకురండి. చెప్పులు బయటే విప్పి, దగ్గకుండా వినిపోవాలి.

ఇట్లు,
శ్యామల.

తా.క. ఇది అత్తకు తెలియకూడదు సార్. పద్దెనిమిది నెలలు నిండగానే ఇంకో పద్దెనిమిది నెలలని ఉత్తరం రాయండి. మీకు అలవాటే కదా.