ముసలమ్మ వద్దన్న మామిడికాయలు

పాడేరు, 1979

తదాషి అన్నా, నాకు ఇక్కడి కొండవాళ్ల కువి బాస రాదు. నీతో జీపులో తిరగాలని వచ్చని అబద్ధం చెప్పాను.

మనం మామిడికాయలు కోసుకున్న ఇంటి ముసలమ్మ తినమంటోందని నీకు చెప్పాను కదా. నిన్న సంతలో ఆమె కోడలు నన్ను పట్టుకుంది. "పండగ సేసి దేవుడికెట్టకుండా కొత్తకాయ ముట్టకూడదు. వద్దని మా అత్త దండాలెట్టినా ఇద్దరూ తినీసినారు. ఏటి మనుసులు బాబూ?" అంది.

వాళ్ల ఆచారాలని నువ్వు పుస్తకంలో రాసుకున్నవన్నీ అలా నేను కల్పించినవే. అది చూసే జపాన్‌లో మీ యూనివర్సిటీవాళ్లు నిన్ను పైదేశాల ఉద్యోగానికి పంపుతారన్నావు. ఆ కోడలికి తెలుగొచ్చు. ఆమెని బతిమాలి, అన్నీ మళ్లీ అడిగి నిజం రాసి పంపుతాను. అందాకా పుస్తకం మీ మాస్టారికి ఇవ్వకుండా ఆగుతావా?