ఇరవై రోజుల పోపుగారి పేరు

దేవదానం అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నాకు కొడుకు పుట్టాడు. ఊరి నుంచి వచ్చినతను తెచ్చిచ్చిన క్యాసెట్‌లో ముందు వాడి ఏడుపు, తర్వాత అమ్మ గొంతు వినిపించాయి. "ఒరే చిన్నోడా, నీ పెళ్ళాం పెద్దోడి పేరే పెడదామంటంది. వద్దురా నాయనా, ఆయుష్షు లేని పేరది."

ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, సల్వాలో, నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ కారు కడుగుతున్నా ఆ మాటే చెవిలో ఉంది. శుక్రవారం చర్చిలో పూజయ్యాక మలయాళీ ఫాదర్‌ని నీ పేరు గురించి అడిగాను. థియోడర్ అన్నా అర్థం అదేనట, దేవుడిచ్చిన వరమని. వెయ్యేళ్ల కిందట ఆ పేరుతో ఒక పోపుగారు ఉండేవారట.

"ఎన్నాళ్లు ఉన్నారు ఫాదర్?"

"ఇరవై రోజులే."

ఫాదర్ చెబుతూనే ఉన్నారు. పగవాళ్లు అంతకు ముందెప్పుడో ఉన్న ఒక పోపుగారి శవాన్ని సమాధిలోంచి తీసి నదిలో పారేశారట. దాన్ని మళ్లీ గౌరవంగా సమాధి చేయించింది ఈ ఇరవై రోజుల ఆయనేనట.

ఇక్కడ రిగ్గైలో మనవాళ్లెవరు పోయినా, శవాన్ని ఊరికి పంపమని వాళ్ల కఫీల్ గుమ్మం ముందు కూర్చుని, శవపేటిక విమానం ఎక్కేదాకా అన్నం ముట్టేవాడివి కాదు నువ్వు. నీ పేటికతో ఊరికి నేనొచ్చాను.

ఇందాకే అమ్మకి క్యాసెట్ నింపాను. నీ పేరే పెట్టమన్నాను. అది పోపుగారి పేరని, ఆయన చేసిన మంచిపని ఇదని, అంతా వివరంగా చెప్పాను.

ఎన్నాళ్లు ఉన్నారో మాత్రం చెప్పలేదు.

నీ చిన్నోడు