మధ్యాహ్నపు కిలో

హైదరాబాద్,
బుధవారం పొద్దున

చెల్లె అనసూయకు అక్క సులోచన దీవెనలు. నేను, మీ బావ బాగున్నం. నువ్వు, అమ్మ, నీ బిడ్డ లత, దాని పసిపాప ఎట్లున్నరో అన్న రంధితోనే ఈ ఉత్తరం మొదలుపెట్టిన. ఫోన్ కలుస్తలేదు. మా పక్కింటి సత్తెమ్మ ఇయ్యాల నారాయణఖేడ్ బస్సెక్కుతుంది, ఆమె చేతికిస్తున్న. చదివినంక ఆగకు.

నేను పనికి కుదిరి మూడు నెలలైంది. పసిపిల్లలను తూచే కాంటాలు చేసే చిన్న కార్ఖాన. రేకుల కప్పు, పదకొండు దాటితే లోపల ఉడుకుతది. అన్నం తినేటప్పుడు మన జొన్నరొట్టె యాదికొస్తది. పక్కన కూర్చొని మాట్లాడే మనిషి లేదు. పొద్దుగాల కాంటా తొట్టిల రెండు కిలోల తూకం రాయి పెట్టి, అంకె సరిగ్గ వస్తే పచ్చ చీటీ మీద 'సు' అని రాసి అంటించుడు నా పని. ప్రతి అంకెను నోటుబుక్కుల రాసుకుంట.

మొన్న నీ ఉత్తరం అందింది. దవాఖానల మధ్యాహ్నం కొత్త కాంటా మీద పాపను తూచి, రెండున్నర కిలోలుంది, భయం లేదని ఇంటికి పంపిండ్రన్నవు. కింద ఇంకో మాట రాసినవు, చేతిల పట్టుకుంటే అంత బరువు తెలుస్తలేదక్కా అని. ఆ మాట నన్ను నిలువనియ్యలేదు. బుక్కు తిరగేస్తే అన్నీ పొద్దటి అంకెలే. నిన్న రెండు గంటలకు, నేను చీటీ అంటించిన కాంటా మీదనే మళ్ల రాయి పెట్టిన. రెండు కిలోల తొంభై గ్రాములు. రెండోది, మూడోది కూడ అంతే.

మా మేస్త్రీ యూసుఫ్ భాయ్‌కి చెప్తే నవ్వి, రాయి తీసి చూపించిండు. "సున్నా బరాబర్ ఉంది కదా అక్కా, ఇగ పరేషాన్ ఏంది?"

నేనూ ఇన్నేండ్లు కిరాణం దుకాణంల ఉత్త కాంటా లేపి చూపించుమనేదాన్నే. రాయి మళ్ల పెట్టి అంకె చూపించిన. ఆయన నవ్వు ఆగింది.

తర్వాత ఆయనే కాంటా విప్పి చెప్పిండు. బరువుకు తొట్టి కింది పట్టీ కంటికి కనపడనంత వంగుతదట, దాంతోని కరెంటు కొంచెం మారుతదట. ఆ మార్పును ఒక చిప్పు కొలిచి అంకె చేస్తది. కొలిచేందుకు దానికి మారని వోల్టేజీ ఒకటి కావాలె, బట్టల దుకాణంల గజంబద్ద లెక్క. మా దాంట్ల వేడికి ఆ బద్దనే కుదించుకపోతుంది. బట్ట అంతే ఉంటది, గజాలు ఎక్కువొస్తయి.

కార్ఖాన సేటు మాత్రం, పోయినవి పోయినయి, ఉన్నవాటికి చీటీలు అంటించుమన్నడు. అంటించనన్న. అట్లయితే రేపటి నుంచి రాకన్నడు. మీ బావకు ఇంకా చెప్పలేదు. మొదటి పెట్టెలు మీ దిక్కే పోయినయని యూసుఫ్ భాయ్ మెల్లగ చెప్పిండు.

పాప సరిగ్గ పాలు తాగకుంటే తూకం కోసం ఆగకు, ఇయ్యాల్నే సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకపో. పోయేముందు మీ దవాఖానల పాపను తూచిన నర్సుకు చెప్పు, ఎండపూట దుకాణంల నుంచి కిలో రాయి తెచ్చి కాంటా మీద పెట్టి చూడుమను. లత పాప ఒక్కతే కాదు, అక్కడ తూగే పిల్లలు ఇంకా ఉంటరు. సున్నా చూసి నమ్మొద్దను.

అమ్మకు నా దండాలు. నన్ను, పాపను మనసుల తల్చుకొని దీవించుమను. లతను ధైర్యంగ ఉండుమను.

ఇంకొకటి. ఆ కాంటా తొట్టి కింద వంగి చూడు. పచ్చ చీటీ మీద 'సు' అని ఉంటే నాకు దాచకు.

నీ అక్క,
సులోచన